బానెట్ కింద చింతపండు

1968వ సంవత్సరం, దసరా రోజులు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర్నించి కోట వైపు వెళ్ళే దారిలో, మా ఇంటి ముందుగదిలోనే నా షాపు ఉండేది. మాది బుడితి. ఇత్తడి పని, కంచు పని అక్కడ మా ఇళ్ళలో పుట్టిన ప్రతివాడికీ వస్తుంది. నాకూ వచ్చింది. కాని బిందెలూ చెంబులూ కొట్టుకుంటూ కూర్చుంటే రోజులు గడవవని తెలిసి, ఒక మోటారూ, దానికి గుడ్డచక్రాలూ కొనుక్కుని పట్నం చేరాను. ఆ గుడ్డచక్రాన్ని బఫ్ అంటాం. నూలుగుడ్డని గుండ్రంగా కత్తిరించి, పొరలు పొరలుగా పేర్చి కుట్టేస్తే చక్రమవుతుంది. మోటారు దాన్ని గిర్రున తిప్పుతుంటే, దానికి మెరుగుమందు బిళ్ళ రాసి, లోహాన్ని ఆనించి పట్టుకోవాలి. పట్టు తప్పిందా, వస్తువు ఎగిరి ఎదురుగోడకి తగులుతుంది. నుదుటికి కూడా తగులుతుంది. నాకు తగిలింది.

కార్ల మెకానిక్కుల గురించి అందరికీ తెలుసు. మా మెరుగు పనివాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. ఇన్నాళ్ళకి అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను, నాకు కోపం ఎక్కువ. మంచి లోహాన్ని పాడుచేసి తెచ్చిన మనిషిని చూస్తే నా నోరు ఆగదు. ఆ నోటికి జడిసి కొందరు తాము రాకుండా పెళ్ళాల్ని పంపేవారు. వాళ్ళనీ తిట్టేవాణ్ణి.

కారుకి మెరుగు అంటే అందరూ బంపర్లూ, హెడ్‌లైటు రింగులూ అనుకుంటారు. అవి రోడ్డు మీద కనిపించే నగలు. పాత విలాయతీ కార్లకి బానెట్ ఎత్తితే లోపల కూడా ఉండేవి. రేడియేటరు పైతొట్టి ఇత్తడిది. ఎయిర్ క్లీనరు, అంటే ఇంజను పీల్చే గాలిని వడగట్టే డబ్బా, దానికి నికెల్ పూత వేసిన పట్టీ. అన్నిటికన్నా ముఖ్యమైనది టాపెట్ కవరు. ఇంజను నెత్తిమీద పొడుగ్గా బోర్లించిన మూత అది. దాని కింద వాల్వులు నూనెలో తడుస్తూ టకటకా ఆడుతుంటాయి. వాటి మీద దుమ్ము పడకుండా, నూనె బయటికి చిమ్మకుండా అది కాపాడుతుంది. మంచి కార్లకి దాన్ని అల్యూమినియంతో పోతపోసేవారు. మెరుగు పడితే అద్దమే. మెరిసినా మెరవకపోయినా బండి ఒకేలా నడుస్తుంది కాబట్టి చాలామంది దాన్ని జిడ్డులో వదిలేస్తారు.

సన్యాసి అలా వదిలే రకం కాదు. స్టేషను దగ్గర టాక్సీ స్టాండులో ఉండేవాడు, సొంత బండి. ఎక్కడో ఎస్టేటు వాళ్ళు అమ్మేస్తే చేతులు మారి మారి అతని దగ్గరికి వచ్చిన పాత నల్లకారు. గజపతినగరం కిరాయి వెళ్ళినా, నెల్లిమర్ల వెళ్ళినా, ఆగగానే ముందు బానెట్ ఎత్తేవాడు. ఇంజను వేడెక్కిందేమోనని పాసింజర్లు కంగారుపడేవారు. వేడీ లేదు, పాడూ లేదు. చూపించుకోడానికి ఎత్తేవాడంతే. నన్ను బావా అని పిలిచేవాడు. మాకు ఏ చుట్టరికమూ లేదు, మా వైపు బావా అనడానికి చుట్టరికం అక్కర్లేదు.

లోపలి మెరుగంతా నిజానికి అతని మొదటి భార్య గౌరిది. బండి కొన్న కొత్తలో ఆ కవరు మసిబొగ్గులా ఉంటే నేనొకసారి బఫ్ పట్టి ఇచ్చాను. ఆ తర్వాత వారం వారం మెత్తగుడ్డా, చాక్‌పొడీ పెట్టి ఆవిడే రుద్దుకునేది. "బయటిదంతా ఆయన్ది, బానెట్ లోపలిది నాది అన్నయ్యా" అని నాతో అన్నాది ఒకసారి. ఒక వేసంగిలో కామెర్లు వచ్చి పోయింది. పిల్లలు లేరు. ఆ తర్వాత సన్యాసి ఆ కవరు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. దసరా ముందు మాత్రం నా దగ్గరికి తెచ్చేవాడు. "బావా, సన్నగా పట్టు, ఎక్కువ రుద్దకు" అంటూ నేను చేసినంతసేపూ నా భుజం పక్కనే నిలబడేవాడు.

కొన్నాళ్ళకి అక్కలు పోరి పోరి పొందూరు సంబంధం చేశారు. ఆ అమ్మాయి పేరు నీలమ్మ. రాట్నం తిప్పి సన్ననూలు తీసే ఇంటి పిల్ల. తండ్రి పోయి, అన్న పంచన ఉండి, పెళ్ళి ఆలస్యమైపోయిన మనిషి. "ఒరే, పేరేమో సన్నాసి, పెళ్ళిళ్ళేమో రెండా" అని నేను ఏడిపించాను. నా ఎకసెక్కాలన్నిటికీ పడీ పడీ నవ్వేవాడు, దానికి మాత్రం నవ్వలేదు.

ఆ ఏడు దసరా ముందు బుడితిలో మా పెద్దమ్మ పోయింది. నేను అక్కడే చిక్కుకుపోయాను. సన్యాసి కవరు పని కోసం వచ్చి, షాపు మూసి ఉంటే చూసి వెళ్ళిపోయాడట. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని, "ఈయేడు బండి ఇలగే పూజకెళ్తాది" అని ఒక్క మాట అని చెయ్యి కడిగేసుకున్నాడట. ఆ మాట నీలమ్మ విన్నది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి.

విజయదశమి పొద్దున్న నేను ఊరినించి వచ్చి తలుపు తీశానో లేదో, స్టాండులోవాళ్ళు ఆ నల్లకారుని తోసుకుంటూ వచ్చి నా గుమ్మం ముందు పెట్టారు. స్టీరింగు పట్టుకున్న సన్యాసి మొహం చూడాలి. నిప్పుల మీద పెట్టి కాల్చినట్టున్నాడు.

"బావా! సూడు! నా బతుకేటైపోనాదో సూడు!" అని బానెట్ ఎత్తాడు.

నేను చూశాను. రేడియేటరు ఇత్తడి తొట్టి ఆ పూటే మా ఊళ్ళో పోతపోసినట్టు పచ్చగా వెలిగిపోతోంది. దాని పక్కనే టాపెట్ కవరు బూడిదరంగులో, నల్లటి చారికలు దిగి, మచ్చలు మచ్చలుగా ఉంది. నట్ల సందుల్లో చింతపండు పీచు. నికెల్ పట్టీ మీద గీతలు. డిస్ట్రిబ్యూటరు, అంటే ప్లగ్గులకి కరెంటు పంచే బుడ్డీ, దాంట్లోకి కూడా నీళ్ళు పోయినట్టున్నాయి, అందుకే బండి స్టార్టు కాలేదు.

"ఎవడ్రా ఈ పని చేసిన దరిద్రుడు?" అన్నాను.

"ఇంట్లో ఆవిడ" అన్నాడు. "రేతిరి నాను తొంగున్నాక సింతపండూ పొయ్యిలో బూడిదా కలిపి అంతటా పట్టించీసినాదట. నానితే బాగా వస్తాదని తెల్లార్లూ ఒగ్గీసినాది. పొద్దున్న బిందెడు నీళ్ళు పోసి, పళ్ళేలు తోమినట్టు తోమీసినాది. నిమ్మకాయలకని బజారుకెళ్ళి వచ్చీసరికి ఇదీ సంగతి. పైగా గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాది బావా, నాను మెచ్చుకుంటాననీసి!"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెప్పాలి. ఇత్తడికి చింతపండు మంచి మందు. పులుపు పైన పట్టిన నలుపుని తినేసి ఊరుకుంటుంది. మా ఊళ్ళో ఏ ఆడమనిషైనా బాగా నల్లబడ్డ బిందెకి రాత్రి పట్టించి పొద్దున్న తోముతుంది. అల్యూమినియం గుణం వేరు. తడిసిన కట్టెబూడిద దాన్ని తెల్లార్లూ పట్టుకుని ఉంటే లోహాన్నే తినేస్తుంది, నలుపు పట్టిస్తుంది. వంటింట్లో సత్తుగిన్నెల్ని బూడిదతో తోముతాం కదా అంటారేమో. తోముతాం, వెంటనే కడిగేస్తాం. అయినా ఆ గిన్నెలో ఎవరూ మొహం చూసుకోరు. ఆ అమ్మాయికి ఇదంతా ఎవరు చెప్పారు గనక? ఇంటి లోహం తళతళలాడాలంటే ఏం చెయ్యాలో తల్లి నేర్పింది, అదే చేసింది.

"సరేరా, చేద్దాం. ఎంత గగ్గోలు పెడతావు" అన్నాను.

"సాయంత్రం బస్సుకి ఆవిడ్ని పొందూరు ఎక్కించీస్తాను. ఇంక సాలు నాకు."

"ఒక మూతకోసం పెళ్ళాన్ని పంపించీస్తావా? బుర్రుందా నీకు?"

"అది మూత కాదు బావా" అన్నాడు. "మళ్ళీ అలగే రావాల. గౌరి పెట్టినట్టే రావాల" అని, ఎవరికో మాటిచ్చాడట, వాళ్ళ బండి తోలడానికి నెల్లిమర్ల వెళ్ళిపోయాడు.

నేను పని మొదలుపెట్టాను. టాపెట్ కవరుని ఇంజను మీద ఉండగా రుద్దకూడదు, రుద్దిన పొడి వాల్వుల్లో పడితే ఇంజను ప్రాణం తీస్తుంది. ఇంజను చల్లారాక, టోపీ నట్లు విప్పి, మూత పైకి తీసి, తెరుచుకున్న చోట శుభ్రమైన గుడ్డ కప్పెయ్యాలి. మూతకీ ఇంజనుకీ మధ్య కార్కు ప్యాకింగ్ ఉంటుంది, నూనె కారకుండా. ఒకసారి తీస్తే అది మళ్ళీ పనికిరాదు, కొత్తది కత్తిరించుకోవాలి. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, తుడిచి ఎండలో పెట్టాను. ఎమెరీ కాగితాలు, అంటే గరుకు కాగితాలు, కిరసనాయిల్లో తడుపుతుంటే చూరు కింద ఎవరో నిలబడ్డట్టు అనిపించింది.

నీలమ్మ. చంకలో గుడ్డల మూట.

"అన్నయ్యా, అది మళ్ళీ తెల్లగవుతాదా?" అన్నాది. సన్యాసి నన్ను బావా అంటాడు కాబట్టి ఆవిడకి నేను అన్నయ్యని. ఆ వరస ఆవిడ ఎవరూ చెప్పకుండానే కలుపుకుంది.

తిట్టడానికి నోరు తెరిచాను. "చింతపండేటి తల్లీ..." అని మొదలెట్టాను కూడా. అంతలో ఆవిడ వేళ్ళు కనిపించాయి. కొసలు పగిలి, గోళ్ళ సందుల్లో మసి. సన్యాసి అరిచాక, ఆ నలుపు పోగొడదామని బండి తోసుకొచ్చేదాకా మళ్ళీ రుద్దుతూనే ఉన్నట్టుంది. నా నోరు మూతపడిపోయింది.

"అవుతుంది" అన్నాను. "కష్టపడితే అవుతుంది. ఆ మూటేమిటి?"

"ఎలిపోతన్నాను. ఆయన ఎక్కిస్తే నలుగురూ సూస్తారు. పండగపూట పెళ్ళాన్ని తోలీసినాడంటారు. నానే ఎలిపోనాననుకో, ఆయనకి మాట రాదు. అది బాగవుతాదో అవదో కనుక్కుని ఎల్దామని వచ్చినాను."

"పొందూర్లో ఎవరున్నారు?"

"అన్నయ్య ఉన్నాడు." కాస్త ఆగింది. "ఒదిన ఉంది."

ఆ రెండో మాట అన్న తీరులోనే నాకు సంగతంతా తెలిసిపోయింది. "గౌరి రుద్దుకున్న వస్తువని తెలిసి కూడా ఎందుకు ముట్టుకున్నావమ్మా?" అన్నాను మెల్లగా.

"ఏటి? ఆవిడా? ఆవిడ రుద్దీవారా?"

ఏడాది కాపరంలో సన్యాసి ఆ మాట చెప్పలేదు. బండి మీద మోజు అనుకుంది ఆ పిచ్చితల్లి. బానెట్ లోపల మెరిస్తే అతను సంతోషిస్తాడు, ఆమెకి తెలిసినది అంతే. "ఆవిడ పేరు ఇంట్లో ఎత్తరు అన్నయ్యా. పటానికి దండ నానే ఏస్తాను. ఆయన సూస్తారు, ఏటీ అనరు. నాతో ఏటీ అనరు. తిట్టినా బాగున్ను" అన్నాది. అని, వెనక్కి తిరిగి రోడ్డువైపు నడవబోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలీదు, బహుశా సన్యాసి మీదే. "ఆగు! బస్సు సాయంత్రం దాకా లేదు. నువ్వు నల్లగా చేసిందాన్ని నువ్వే తెల్లగా చేసి మరీ వెళ్ళు. కూర్చో!" అని కేకేశాను. లోపల్నించి మా ఇంటావిడ పరిగెత్తుకొచ్చి, నన్ను ఒక చూపు చూసి, ఆవిడకి పీట వేసింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

పని చూపించాను. ముందు గరుకు కాగితంతో ఒకే వైపు రుద్దాలి, నలుపు పోయేదాకా. తర్వాత దానికన్నా నున్నటి కాగితంతో అడ్డంగా రుద్దాలి. మొదటి కాగితం గీతల్ని రెండో కాగితం తినెయ్యాలి. ఒక్క గీత మిగిలినా ముందుకు పోకూడదు, బఫ్ మీద పెట్టాక ఆ ఒక్కటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇలా కాగితం మార్చుకుంటూ పోవాలి. చాలామందికి ఇక్కడే ఓపిక చచ్చిపోతుంది, ఒకచోట గట్టిగా, ఒకచోట తేలిగ్గా రుద్ది పల్లాలు చేసేస్తారు. నీలమ్మ చెయ్యి అలా కాదు. రాట్నం మీద దారం తెగకుండా తీసిన చెయ్యి. ఎక్కడా బరువు మారలేదు. నేను మెచ్చుకోలేదు, నాకు మెచ్చుకోవడం చేతకాదు. "ఊఁ" అన్నాను.

బఫ్ పని నేనే చేశాను. దాంతో మెరుపు లేచింది. కాని బఫ్ మీంచి దిగిన వస్తువుకి మందుబిళ్ళ జిడ్డు నల్లగా పట్టి ఉంటుంది. కిరసనాయిలుతో కడిగి, చాక్‌పొడి చల్లి, ఆఖర్న పొడిగుడ్డతో తుడవాలి. మెత్తటి అల్యూమినియానికి ఆ ఆఖరి గుడ్డే శత్రువు. ఎంత ఉతికిన గుడ్డయినా దారాల్లో ఎక్కడో ఇసకరేణువు దాక్కుంటుంది, వెంట్రుకంత గీత పెడుతుంది. ఆ గీతలతో రాజీపడడం నాకు అలవాటైపోయింది.

నేను గుడ్డ తియ్యబోతే నీలమ్మ దాన్ని వేళ్ళమధ్య నలిపి చూసింది. "దీంట్లో నలుసులున్నాయన్నయ్యా" అని మూట విప్పింది. రెండు చీరలు, వాటి మధ్య కాగితంలో చుట్టిన దూదిఏకులు. పొందూర్లో పత్తిని వాలుగచేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ళమధ్య పడితే చెత్త, నలుసు అన్నీ ఊడిపోయి ఒట్టి మెత్తదనమే మిగులుతుంది. "ఒదినింటికెళ్తే ఒట్టిసేతుల్తో కూకోలేను కదా, రాట్నం ఆడించాల. అందుకని ఎట్టుకున్నాను" అంటూ ఒక ఏకుని విప్పి, ముద్ద చేసి, కవరు మీద తిప్పింది. ఊపిరాడినట్టు తిప్పింది.

నేను అంతకుముందు ఎన్ని కవర్లకి మెరుగు పెట్టానో లెక్కలేదు. ఇలాంటిది చూడలేదు. నా మీసంలో తెల్లవెంట్రుకలు దాంట్లో విడివిడిగా కనిపించాయి. నిజం చెప్పాలంటే అసూయపడ్డాను.

సందెవేళ సన్యాసి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆవిడ ఇక్కడేటి సేస్తన్నాది?"

"నీ పని. కవరు తెల్లగా చేసింది ఆవిడే. నేను బఫ్ పట్టానంతే."

కవరు రెండు చేతులతో ఎత్తుకుని దీపం దగ్గరికి తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు. నీలమ్మ మూట కట్టుకుంటోంది.

"మెరిసినాది" అన్నాడు. "నాను కాదన్ను. కాని ఇది గౌరిది కాదు బావా. గౌరి ఎట్టిన మెరుగు పోనాది. ఇన్నాళ్ళూ దాసుకున్నాను, కడిగీసినారు."

అప్పటిదాకా బిగబట్టుకున్న నా కోపం కట్టలు తెంచుకుంది.

"ఒరే సన్నాసీ, మెరుగు పెట్టడం అంటే ఏటనుకున్నావురా నువ్వు? బొట్టు పెట్టినట్టు, పసుపు పెట్టినట్టు పైన పెట్టేదనుకున్నావా? మాటకి పెట్టడం అంటాం. పెట్టేది ఏటీ లేదు. అంతా తీసేదే! పైపొర అరగదీస్తే కింద పొర మెరుస్తుంది. గౌరి ఈ వారం రుద్దినప్పుడల్లా పోయిన వారంది తనే తీసేసింది. ఆవిడ పోయాక తొలి దసరాకి ఇది నా దగ్గరికి తెచ్చావు చూడు, ఆవేళే ఆవిడ చెయ్యి తగిలిన పొర ఈ చక్రంలోకి పోయింది. నా పక్కనే నిలబడి నువ్వే 'బాగున్నాది బావా' అన్నావు. దాచుకోడానికి మెరుగేమైనా బంగారమా?"

అనేశాక భయం వేసింది. సన్యాసి కవరుని గుడ్డమీద పెట్టాడు. గడప మీద కూలబడిపోయాడు. అంత మనిషి, మోకాళ్ళమధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

"అయితే నాకాడ ఏటీ నేదన్నమాట" అన్నాడు. "ఆవిడ్ది నాకాడ ఏటీ నేదు."

నీలమ్మ మూట వదిలేసి అతని ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఎందుకు నేదు? మీకాడ మాటున్నాది" అన్నాది. "ఆవిడ గురించి నాకొక్కనాడైనా సెప్పినారా? ఇది ఆవిడ రుద్దిందని తెలిస్తే నాను సింతపండెడతానా, దండమెట్టుకుందును. ఆవిడ ఎలగ రుద్దీవారో సెప్పండి. నన్నుండమంటే అలగే రుద్దుతాను. ఎలిపొమ్మంటే మీరే రుద్దుకోండి, కాని ఎలగో మాత్రం మర్సిపోకండి."

సన్యాసి నేలవైపు చూస్తూనే, "పాట పాడీది" అన్నాడు. "ఒక్క సరణమే వచ్చు. అదే మళ్ళీ మళ్ళీ పాడీది. రెండో సరణం నేర్సుకోవే అంటే, ఇంజనుకి ఒకటి సాల్దా అనీది." నవ్వాడు, ఏడుపులోనే. "వేడి తగ్గకుండా సెయ్యెట్టీసి కాల్సుకునీది. ఆ మూతలో సూసుకునే బొట్టెట్టుకునీది, అద్దం ఇంట్లో ఉన్నా సరే."

నీలమ్మ వింటోంది. మధ్యమధ్య "ఏ సెయ్యి? ఎడం సెయ్యా?" అని అడుగుతోంది. నేను అటు తిరిగి కార్కు కత్తిరించుకుంటూ కూర్చున్నాను. కత్తిరించాల్సినదానికన్నా చాలాసేపు కత్తిరించాను. మా ఇంటావిడ తలుపు వెనకాల ముక్కు ఎగబీలుస్తోంది.

బాగా చీకటి పడకముందే కవరు బిగించాలి, పూజ కావాలి. ప్యాకింగ్ కదలకుండా ఒకరు అటూ ఒకరు ఇటూ పట్టుకోమన్నాను, పట్టుకున్నారు. మూత సర్దాను. నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి, ఇటొకటి అటొకటి, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవాలి. ఒక్కదాన్నే మొత్తం బిగిస్తే ఆ వైపు కార్కు నలిగి, రెండోవైపు నూనె కారుతుంది. ఒక స్పానర్ సన్యాసికిచ్చాను, ఒకటి నీలమ్మకిచ్చాను. పొద్దుటి తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంతో ఆవిడ బలమంతా పెట్టి తిప్పింది.

"ఒసే! ఒసే, మెల్లగే! కార్కు నలిగిపోతాదే!" అని అరిచాడు సన్యాసి.

నీలమ్మ స్పానర్ గాల్లోనే ఆపేసింది. జడిసిందేమో అనుకున్నాను. నావైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. "అన్నయ్యా, యాడాది నించీ నన్ను 'సూడండీ' అని పిలిసినారు" అన్నాది, రహస్యం చెప్తున్నట్టు.

వేరే జిల్లాల వాళ్ళకి ఒసే అంటే మోటుగా ఉంటుంది. మా వైపు 'చూడండీ' అనేది వెనకసీటులో కూర్చున్న పాసింజరుని. ఇంటిమనిషిని ఒసే అంటాం. సన్యాసికి తను ఏమన్నాడో తెలీను కూడా తెలీదు, "ఇలాగియ్యి, నాను సూపిస్తాను" అని స్పానర్ పట్టుకున్న ఆవిడ చెయ్యి మీద తన చెయ్యి వేసి, ఎంత తిప్పాలో చూపిస్తున్నాడు. పొందూరు బస్సు అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. ఆ సంగతి ఎవరమూ ఎత్తలేదు.

డిస్ట్రిబ్యూటరు ఆరింది, బండి మొదటి దెబ్బకే అందుకుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చారు. సన్యాసి ఆ మూట తీసుకెళ్ళి వెనకసీటులో పడేసి, ముందు తలుపు తీసి, "ఎక్కే" అన్నాడు.

మరుసటేడు దసరాకి అతను కవరు తేలేదు. ఇంకెవడి దగ్గరికో పోతున్నాడని నాకు మండిపోయి, నాలుగు దులిపేద్దామని స్టాండుకి వెళ్ళాను. బానెట్ ఎత్తి ఉంది. ఎవరో పెద్దాయన, ఆయన భార్య వంగి చూస్తున్నారు. ఇత్తడి తొట్టి చింతపండుతో పచ్చగా వెలుగుతోంది. దానికీ కవరుకీ మధ్య, పులుసు చుక్క ఇటు చిందకుండా కాబోలు, తడిగుడ్డ అడ్డంపెట్టిన గురుతు సన్నగా కనిపిస్తోంది. కవరు తెల్లగా, ఒక్క గీత లేకుండా ఉంది.

"ఎవరు బాబూ ఇంత చక్కగా ఉంచుతారు?" అని అడిగింది ఆ పెద్దావిడ.

"మా గౌరి మొదలెట్టినాదండి. మా నీలమ్మ రుద్దుతాది" అన్నాడు సన్యాసి. ఇద్దరి పేర్లూ ఒక్క ఊపిరిలో అన్నాడు. నేను తిట్టడానికి వచ్చానని మర్చిపోయి, టీ తాగి వచ్చేశాను.

నా వృత్తిలో నేను నేర్చుకున్నదంతా చేతులకి సంబంధించినదే. ఇదొక్కటీ నోటికి సంబంధించింది. అప్పట్నించీ ఎవరైనా అమ్మ బిందె అనో, నాన్న గడియారం మూత అనో పదిలంగా గుడ్డలో చుట్టి తెస్తే, వెంటనే మోటారు వెయ్యను. ముందు పీట వేసి కూర్చోబెట్టి, ఇది వాడిన మనిషి ఎలాంటివారో చెప్పమంటాను. వాళ్ళు చెప్పుకున్నంతసేపూ వింటాను. ఆ తర్వాత నేనొక మాట చెప్తాను: "దీని పాత మెరుగు నేను తిరిగి తేలేనండి. అది పోతుంది, కొత్తది వస్తుంది. సరేనంటే ఉంచి వెళ్ళండి." చాలామంది కాసేపు వస్తువుని చేత్తో నిమిరి, ఉంచే వెళ్తారు.